ఫేస్ అంటే ముఖమేనా?

ఫేస్ అంటే ముఖమని బడిపిల్లలకూ తెలుసు. గడియారం ముందువైపూ ఫేసే, కొండ నిటారు పక్కా ఫేసే, కష్టాన్ని ఎదుర్కోవడమూ ఫేస్ చేయడమే.

గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో భూగర్భ గనిలో దిగిన కార్మికుడికి మాత్రం ఫేస్ అంటే బొగ్గు తీసే చోటు. డ్రిల్లుతో రంధ్రాలు వేసి, మందు కూరి పేలిస్తే బొగ్గు రాలుతుంది, ఫేస్ ఆ మేరకు ముందుకు జరుగుతుంది. అప్పుడే బయటపడ్డ పైకప్పుకు ఇంకా ఆధారం ఉండదు. దాన్ని కార్మికులు గ్రీన్ రూఫ్ అంటారు. బోల్టులు బిగించేదాకా అక్కడ ఆదమరిస్తే ప్రాణానికే ముప్పు.

1920 నుంచి సింగరేణి పేరుతో ఈ బొగ్గు గనులను నడుపుతున్న కంపెనీ మనది. మన పిల్లల ఇంగ్లీషు పాఠంలో ముఖం పక్కనే ఈ అర్థమూ చెప్పాలి. వాళ్లలో చాలామంది తండ్రులూ తాతలూ పనిచేసింది అక్కడే.