తాళపుచెవి చాలునా?

(పఠనమందిరమునందు చేసిన ప్రసంగము)



ఇల్లు లేనివానికి రాత్రి తలదాచుకొన చోటిచ్చుట పుణ్యమని మన మందఱము నొప్పుకొందుము. కాని తెల్లవాఱిన పిదప వాని గతి యేమి? ఏండ్లకొలది ఒకే వసతిగృహమున పడియున్నవానికి మన మొసగినది ఆశ్రయమా, అంతులేని నిరీక్షణమా?

ఫిన్లండు దేశము ఈ ప్రశ్నను సూటిగా నెదుర్కొన్నది. 2008లో అచ్చటి ప్రభుత్వము వసతిగృహములను అద్దెవాటాలుగా మార్పింప పూనుకొన్నది. ముందు త్రాగుడు మానుము, పిమ్మట ఇల్లిత్తుమను పాత పద్ధతిని విడిచి, నిరాశ్రయుని పేరనే అద్దె ఒడంబడిక వ్రాసి, తక్కిన సహాయము తరువాత చేయసాగిరి. 1985లో హెల్సింకి నగరమున వసతిగృహములయందును చౌక బసలయందును రెండువేలకు మించి పడకలుండగా, 2016 నాటికి అవి 52కు దిగినవి. అయినను కార్యము ముగిసినది కాదు; 2024లో అచ్చట నిరాశ్రయుల సంఖ్య మరల కొంత పెరిగినది.

తాళపుచెవి చేతికిచ్చినంతమాత్రమున ఇల్లు నిలుచునా? నిలువదు. పదిమంది గురకల నడుమ నిద్రించుట కలవాటుపడినవానికి ఒంటరిగది నిశ్శబ్దమే భయము గొల్పును. అద్దె గడువు, విద్యుత్తు బిల్లు, ఇరుగుపొరుగుల చూపు, అన్నియు క్రొత్తలే. తెలియదని అధికారితో చెప్పుకొనుటకు సిగ్గు. అట్టితఱి, ఒకప్పుడు తానును వీథిని పండుకొని పిదప ఇల్లు నిలుపుకొన్నవాడు తోడు వచ్చిన, ఆ సిగ్గు తొలగును. వాడు ఉపదేశింపడు, బ్యాంకునకు వెంటవచ్చును, ఇంటి యజమానితో మాటాడును, మొదటి వారములలో వచ్చి పలుకరించును. హెల్సింకిలో 1986లోనే నిరాశ్రయులు తమకు తాము సంఘమును స్థాపించుకొనిరి. ఆ దేశమున ఇట్టివారిని ‘అనుభవ నిపుణు’లని పిలుతురు.

ఇక మన మాట. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షలకు మించిరి. 2013లో వెలసిన జాతీయ పట్టణ జీవనోపాధి పథకము లక్ష జనమునకు నూరుగురికి చాలు వసతిగృహ ముండవలెనని నియమించినది. అది మొదటి మెట్టు. మెట్టుపైననే మనుష్యుని కూర్చుండబెట్టుట న్యాయము కాదు. వసతిగృహమున పనివారిని నియమించునపుడు, అచ్చటినుండి వెడలి యిల్లు నిలుపుకొన్నవారిని పిలిచి, తగిన జీత మిచ్చి, ఈ తోడు కార్యమును వారి కప్పగింపవలెను. వారి యనుభవము విద్యయే. దానిని ఉచితముగా కోరుట తగదు.

ఈ సభలో అద్దెవాటాలు గలవా రెందఱో యున్నారు. అట్టి తోడుతో ఒక నిరాశ్రయుడు మీ గుమ్మము నెక్కినపుడు మీరేమి చెప్పుదురు? పట్టణమున వానికి ఇల్లు దొరకుటయు, దొరకకపోవుటయు మీ యుత్తరముపై నున్నది.