పొరుగు హక్కు, పొరుగు బాధ్యత

(బాచుపల్లిలో నివసించే ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అనంత కరుణామయుడైన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాము.



మేము వక్తలం కాము. మా జీవితమంతా మెదక్ ప్రాంతపు రెవెన్యూ కార్యాలయాల్లో, పహాణీలు, నక్షాలు, అర్జీల మధ్య గడిచింది. పదవీ విరమణ తరువాత, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి దగ్గరగా ఉందామని ఈ ప్రాంతానికి వచ్చాము. ఇక్కడ ఇల్లు వెదుక్కోవడంలోను, నలుగురి మధ్య బ్రతకడంలోను మేము నేర్చుకున్నది మీ ముందు ఉంచడమే ఈనాటి మా పని.

బాచుపల్లి మొన్నమొన్నటి వరకు కుత్బుల్లాపూర్ మండలంలోని ఒక గ్రామం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ వైపు పల్లెల ముఖచిత్రమే మారిపోయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బాచుపల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఒక మండల కేంద్రమైంది. 2017 నవంబరులో మియాపూర్ వరకు మెట్రో వచ్చింది. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేట గ్రామ పంచాయతీలు కలిసి నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. ఇరవై ఏళ్లలో పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. శ్రీకాకుళం నుండి, ఖమ్మం నుండి, ఒడిశా నుండి, బీహార్ నుండి ఎవరెవరో వచ్చి ఒకే గోడకు అటూ ఇటూ కాపురం పెట్టారు. అందరూ కొత్తవారే అయిన చోట ఎవరూ పరాయివారు కాకూడదు. కాని మన అనుభవం అలా లేదు.

మేము ఇల్లు వెదికిన రోజుల సంగతి చెబుతాము. ఒక అపార్ట్‌మెంట్ గేటుకు టులెట్ బోర్డు చూసి ఫోన్ చేశాము. యజమాని ఎంతో మర్యాదగా మాట్లాడారు. మంజీరా నీళ్లు వస్తాయన్నారు, కారు నిలుపుకోవడానికి చోటుందన్నారు, సాయంత్రం వచ్చి చూడమన్నారు. చివరగా, "మీ పేరేంటి సార్?" అని అడిగారు. చెప్పాము. రెండు క్షణాలు మాట లేదు. "అయ్యో, మా ఇంట్లోవాళ్లు నిన్ననే ఎవరి దగ్గరో అడ్వాన్స్ తీసుకున్నారటండీ, నాకు తెలియలేదు" అన్నారు. పదిహేను రోజుల తరువాత అదే దారిన వెళ్తుంటే ఆ బోర్డు అక్కడే వ్రేలాడుతూ ఉంది. మరొకచోట, "మాకేం అభ్యంతరం లేదు, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు" అన్నారు. ఇంకొకచోట, "మీరు మాంసం వండుతారు కదా" అన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆ మెట్లెక్కుతుంటే మూడు అంతస్తుల్లోను మటన్ కూర వాసనే వస్తోంది. దేశంలో మాంసాహారులు అత్యధిక శాతం ఉన్న రాష్ట్రం తెలంగాణయేనని 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే తేల్చింది. అందువల్ల అడ్డు వచ్చింది కూర కాదు, పేరు.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి ఇటువంటి అనుభవం ఉంటుంది. మన పిల్లలు నెలకు లక్ష రూపాయల జీతం తెచ్చుకుంటున్నా టులెట్ బోర్డు ముందు పేరు చెప్పడానికి సంకోచిస్తున్నారు. ఇది మన ఊహ కాదు. 2006లో జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ తన నివేదికలో ముస్లింలకు ఇళ్లు అద్దెకు దొరకడం, కొనుక్కోవడం కష్టమవుతున్నదని, భయం వల్ల వారు ఒకేచోట గుమికూడుతున్నారని నమోదు చేసింది. ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసర నగరాల్లో పరిశీలన జరిపి 2015లో ప్రచురించారు. ఒకే రకమైన అద్దె ఇంటి కోసం వేర్వేరు పేర్లతో అడిగినప్పుడు, దళితుల పేర్లకు ఎదురైన తిరస్కారం కంటే ముస్లిం పేర్లకు ఎదురైన తిరస్కారమే ఎక్కువని అందులో తేలింది.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకుందాము. రాజ్యాంగం 15వ అధికరణం మతం కారణంగా ప్రభుత్వం ఎవరిపట్లా వివక్ష చూపరాదన్నది. అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, రహదారుల దగ్గర ఏ పౌరుడూ మరొకరిని అడ్డుకోరాదన్నది. ఆ జాబితాలో ఇంటి అద్దె ప్రస్తావన లేదు. 2005లో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకున్న ఒక పార్సీ గృహ సహకార సంఘం నిబంధనను సమర్థించింది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా మతం పేరిట తిరస్కరించరాదనే నిబంధన లేదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు, 1968 ఏప్రిల్‌లో, జాతి, వర్ణం, మతం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇప్పుడు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇల్లు అద్దెకు తీసుకుంటున్న మన తెలుగు పిల్లలకు, వారు ఏ మతస్థులైనా సరే, ఆ చట్టం అండగా ఉంది. అక్కడ తమ బిడ్డకు కావలసిన న్యాయాన్ని ఇక్కడ పొరుగింటి బిడ్డకు ఇవ్వడానికి ఏ తల్లిదండ్రులకూ అభ్యంతరం ఉండకూడదు. అద్దె ఇళ్ల చట్టం చేసే అధికారం మన శాసనసభకు ఉంది. ఆ కోరికను మనం ఒంటరిగా కాక, ఇదే బాధ పడుతున్న దళిత సోదరులతో, ఒంటరి మహిళలతో కలిసి అడగాలి.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇక మన సంగతి చెప్పుకుందాము.

తిరస్కారం ఎదురైనప్పుడు మన పెద్దలు ఇచ్చే సలహా ఒకటే: "ఎందుకు ఈ అవమానం? మనవాళ్ల మధ్యకే పోదాం." ఈ మాట వెనుక ఉన్న భయాన్ని మేము తక్కువచేయము. 1990 చివరి నెలల్లో హైదరాబాదు అల్లర్లు చూసినవారికి ఆ భయం ఎందుకో తెలుసు. 1992-93 అల్లర్ల తరువాత ముంబయి ముస్లింలు ముంబ్రాకు తరలిపోయారు. అహ్మదాబాదులో జుహాపురా అలాగే పెరిగింది. ప్రాణభయంతో వెళ్లినవారిని ఎవరూ తప్పుపట్టలేరు. కాని ప్రాణభయం లేనిచోట, అవమానం తప్పించుకోవడానికి మాత్రమే వెనుదిరిగితే, మన పిల్లలు మంచి బడికి, ఉద్యోగానికి, ఆసుపత్రికి దూరమవుతారు. ఇతరుల పిల్లలు ఒక్క ముస్లిం కుటుంబాన్నయినా దగ్గరగా చూడకుండా పెరుగుతారు. మనల్ని చూడనివారికి మన గురించి ఎవరు ఏమి చెప్పినా నిజమే అనిపిస్తుంది.

చివరకు మాకు ఇల్లు ఇచ్చినవారు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులు. పేరు విన్నారు, ఎంతమంది ఉంటారని అడిగారు, తాళం చేతికిచ్చారు. రెండేళ్ల తరువాత ఒక వేకువజామున మా అత్తగారు ఆ ఇంట్లోనే ఇహలోకం వీడారు. జనాజాను దించడానికి లిఫ్టు సరిపోలేదు. మేము ఆలోచిస్తుండగానే పై అంతస్తు కుర్రవాళ్లు, ఎదురింటి ఇంజినీరు, వాచ్‌మన్ వచ్చి భుజం పట్టారు. నాలుగు అంతస్తులు మెట్ల మీదుగా, మలుపు మలుపులో ఆగుతూ, ఎంతో జాగ్రత్తగా దించారు. క్రింద నిలబడిన ఆ ఉపాధ్యాయులు, "ఎక్కడికి తీసుకుపోతున్నారు సాబ్?" అని అడిగారు. మా దగ్గర సమాధానం లేదు. దగ్గరలో మాకు స్థలం ఇచ్చే ఖబరస్తాన్ ఏదో మాకు తెలియదు. రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ ఆ సంగతి విచారించనేలేదు. రెండు గంటలు ప్రయాణించి మా సొంత ఊరి మట్టిలో కలిపి వచ్చాము. ఆ రోజు మాకు రెండు విషయాలు బోధపడ్డాయి. తలుపు మూసినవారు ఉన్న ఊళ్లోనే భుజం పట్టేవారూ ఉన్నారు. ఇల్లు సంపాదించినంత మాత్రాన ఊరివాళ్లం కాము.

ఖబరస్తాన్ విషయంలో మా గుమాస్తా అనుభవం మీకు పనికివస్తుంది. రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలు శ్మశానాలను, ఖననస్థలాలను పురపాలక సంస్థల పనుల్లో చేర్చింది. అందుచేత ఇది ఎవరి దయాదాక్షిణ్యమో కాదు. ముందుగా మన గ్రామ పాత రికార్డు చూడాలి. గ్రామ నక్షా, సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, వక్ఫ్ గెజెట్ ఈ నాలుగింటిలో ఖబరస్తాన్ ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణంలో నమోదైందో తెలుస్తుంది. తహసీల్దారు కార్యాలయంలో ధ్రువీకృత నకళ్లకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మండల స్థాయి కార్యాలయంలో రుసుము ఐదు రూపాయలే, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితం ఇచ్చిన ప్రతిసారీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నోటిమాటగా చెప్పిన కష్టం ఫైలులో కనబడదు. పాత స్థలం ఉంటే కొలతలు వేయించి ప్రహరీ కోరండి. లేకపోతే, భూమి మిగిలి ఉండగానే కొత్త స్థలం కోరండి. ఎకరం ధర కోట్లకు చేరిన తరువాత అడిగితే ఎవరూ వినరు. హైటెక్ సిటీకి దగ్గరలోని మణికొండ దర్గా భూములు 1654 ఎకరాల వివాదం ఏళ్ల తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. భూమి విలువ పెరిగే కొద్దీ కాగితం విలువ కూడా పెరుగుతుందని మరువవద్దు.

ఇక పొరుగువారితో మన నడవడి. సూరా అన్నిసా 36వ ఆయతులో బంధువైన పొరుగువాడిని, పరాయివాడైన పొరుగువాడిని వేర్వేరుగా పేర్కొని, ఇరువురితోనూ మంచిగా మెలగమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. కూర వండేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) హజ్రత్ అబూజర్ (రజి)కు చెప్పారు. మనం అసోసియేషన్ సమావేశాలకు వెళ్లము. నీళ్ల ట్యాంకర్ లెక్క, లిఫ్టు మరమ్మతు, చెత్త బండి సమయం ఇవన్నీ అక్కడ నిర్ణయమవుతాయి. ఎవరికి అద్దెకివ్వాలన్న మాట కూడా అక్కడే పుడుతుంది. ఆ గదిలో మనం ఒక్కరమైనా కూర్చుని ఉంటే ఆ మాట నోటివరకు రావడమే కష్టం. వస్తే, తీర్మానం వ్రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. సంతకం పెట్టవలసి వచ్చేసరికి చాలామంది వెనుకకు తగ్గుతారు. బక్రీదు నాడు వ్యర్థాలు వీధిలో కనబడకుండా చూడటం, జుమా వేళ ఎదుటివారి గేటుకు అడ్డంగా బండి నిలపకపోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. మనలో సొంత ఇల్లున్నవారు దళితుడు అద్దెకు అడిగితే ఏమంటున్నారు? "అడ్వాన్స్ తీసుకున్నాం" అనే అబద్ధం మన నోట కూడా వినబడుతోంది. మనకు జరిగితే అన్యాయమైనది మనం చేస్తే ఆచారం ఎలా అవుతుంది?

చివరిగా ఒక మాట. 2024 మే నెలలో కురిసిన పెద్ద వానకు ఇదే బాచుపల్లిలో, కడుతున్న అపార్ట్‌మెంట్ గోడ కూలి కూలీల గుడిసెల మీద పడింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుండి వచ్చిన ఏడుగురు చనిపోయారు, వారిలో పసిబిడ్డ కూడా ఉన్నాడు. మనం ఉంటున్న ఇళ్లు కట్టింది అటువంటివారే. వారికి టులెట్ బోర్డు దాకా వచ్చే స్తోమత కూడా లేదు. వారు మన పొరుగువారు కారా? తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు పీర్లనెత్తుకొని నడిచారు. ఆ పొరుగుతనం ఎవరో జీవో ఇస్తే వచ్చింది కాదు, తరతరాలు ఒకరి ఇంటి గడప ఒకరు తొక్కితే వచ్చింది.

ఈ సమావేశం ముగిసేలోగా మూడు పనులకు పేర్లు వ్రాసుకుందాము. ఖబరస్తాన్ రికార్డు వెదకడానికి ముగ్గురు. అద్దె వివక్షపై మన శాసనసభ్యులకు, మైనారిటీ కమిషన్‌కు విన్నపం సిద్ధం చేయడానికి ఇద్దరు. ఇక మూడవ పనికి అందరమూ కావాలి. ఈ వారంలో ప్రతి కుటుంబమూ ఇంతవరకు పలకరించని ఒక పొరుగింటి తలుపు తట్టాలి. మొదటి పనికి మా పేరు వ్రాసుకోండి. పాత పహాణీలు చదవడం మాకింకా మరపుకు రాలేదు.

మనల్ని మంచి పొరుగువారిగా, మంచి పొరుగువారు గలవారిగా అల్లాహ్ చేయుగాక. ఆమీన్.