పాత కంప్యూటర్ పారేయకండి, డిస్క్ మార్చండి

ఈ ఎపిసోడ్ గుంటూరులో మా ఇంటి నుంచే. నాన్నది మిర్చి కమిషన్ వ్యాపారం. రైతుల లెక్కలు, బాకీలు అన్నీ ఒక పాత డెస్క్‌టాప్‌లోనే ఉంటాయి. ఆన్ చేస్తే నాలుగు నిమిషాలు పట్టేది. "కొత్తది కొనేద్దాం రా" అన్నారు నాన్న.

మూత విప్పి చూశాను. ప్రాసెసర్ పర్లేదు, ర్యామ్ 8 జీబీ ఉంది. అసలు సమస్య హార్డ్ డిస్క్. అందులో పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అయినా కావాల్సిన ఫైల్ హెడ్ కిందకి వచ్చేదాకా ఆగాల్సిందే. యార్డులో వేల టిక్కీల మధ్య మన టిక్కీ వెతుక్కున్నట్టు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు. మీ ఫోన్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ లాంటిదే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి 500 ఎంబీ దాకా చదువుతుంది.

కేబుల్ పీకబోతుంటే నాన్న అడిగారు: "ఒరే, లెక్కలు పోతే రైతులకి ఏం చెప్పాలి?" చెయ్యి ఆగిపోయింది. వాటికి ఇంకో కాపీ లేదు!

ముందు అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూసుకున్నా. ఆ తర్వాతే క్లోన్ చేశా. ఇక్కడ జాగ్రత్త: సోర్స్ ఏది, టార్గెట్ ఏది అని రెండుసార్లు చూడండి. తారుమారైతే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఇప్పుడు అరనిమిషంలో ఆన్ అవుతోంది. పాత డిస్క్ ఫార్మాట్ చేయలేదు, బీరువాలో దాచాను. మీరూ ముందు బ్యాకప్ తీయండి, తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!