ఆటలో పని నేర్పడం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. ఇరవై ఏళ్ళుగా పిల్లల మధ్య ఉర్దూలోనే గొంతు చించుకుంటున్నాను. సభలో చాలామంది తెలుగే చదువుకున్నారు, తెలుగులోనే మాట్లాడమని సెక్రెటరీ సాహెబ్ ఆజ్ఞ. తప్పులు దొర్లితే మన్నించండి.

విషయం ఏమంటే, మన సొసైటీ తరఫున కుట్టు క్లాసు, కంప్యూటరు క్లాసు మొదలుపెట్టబోతున్నాం గదా. మొన్న కమిటీ మీటింగులో ఒక కుర్ర సభ్యుడు లేచి, "మాస్టర్ సాబ్, ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ట్రైనింగు ఆటలాగా నడుపుతున్నారు. పాయింట్లు, బ్యాడ్జీలు, గోడ మీద ర్యాంకుల బోర్డు. మనమూ పెడదాం" అన్నాడు. దీన్నే గేమిఫికేషన్ అంటారు. పని నేర్చుకోడానికొచ్చి ఆటలేమిటని కొందరు పెద్దలు నవ్వారు. నేను నవ్వలేదు. ఆటకు ఓటేశాను, బోర్డుకు వెయ్యలేదు. ఎందుకో చెప్పుకోవడానికే ఇక్కడ నిలబడ్డాను.

మన సీతాఫల్‌మండివాళ్ళకు ఈ సంగతి కొత్త కాకూడదు. పక్కనే లాలాగూడా వర్క్‌షాపు 1893 నుంచి ఉంది. రైల్వే జీతంతో పిల్లల్ని చదివించిన ఇళ్ళు మన గల్లీల్లో ఎన్నో. రైల్వే శిక్షణ పాఠశాలల్లో మోడల్ రూమ్ అని ఒకటుంటుంది. పెద్ద బల్ల, దాని మీద బొమ్మ పట్టాలు, బొమ్మ సిగ్నళ్ళు, జానెడు రైళ్ళు. శిక్షణకొచ్చినవారిలో ఒకరు ఈ స్టేషన్ మాస్టరు, ఇంకొకరు అవతలి స్టేషన్ మాస్టరు. ఇవతలివారు లైన్ క్లియర్ అడగాలి, అవతలివారు ఇవ్వాలి, అప్పుడే బండి కదలాలి.

మా వీధిలో రిటైరైన పెద్దాయన ఒకరు ఆ రోజులు ఇప్పటికీ చెబుతుంటారు. మొదటి వారంలో ఆయన లైన్ క్లియర్ తీసుకోకుండానే బండి వదిలేశారట. బల్ల మీద రెండు బళ్ళు ఎదురెదురుగా వచ్చి ఢీకొని పడ్డాయి. క్లాసంతా గొల్లుమంది. ఇన్‌స్ట్రక్టరు మాత్రం నవ్వలేదు, తిట్టనూ లేదు. పడిపోయిన బండిని చేత్తో ఎత్తి పట్టాల మీద పెట్టి, "మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడట. "సర్వీసంతా లైన్ క్లియర్ అడిగినప్పుడల్లా ఆ బల్లే గుర్తొచ్చేది మాస్టర్" అంటారాయన. ఆ తప్పు బయట పట్టాల మీద జరిగితే ఏమయ్యేదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఎడ్విన్ లింక్ అని ఒకాయన ఉండేవాడు. ఆర్గాన్ వాయిద్యాలు తయారుచేసే కుటుంబం. ఆర్గాన్‌లో గాలి నింపే తిత్తులతోనే 1929లో నేల మీద ఊగే ఉత్తుత్తి విమానం కట్టాడు. విమానం నడపడం నేర్పేవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు. వినోదశాలల్లో జనం డబ్బులిచ్చి ఎక్కే బొమ్మగా అమ్ముడుపోయింది. 1934లో అక్కడి సైన్యం విమానాల మీద టపా మోసే పని చేపట్టింది. చెడ్డ వాతావరణంలో పైలట్లు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయారు. అప్పుడు అదే బొమ్మను సైన్యం ఆరు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లక్షలమంది దాని మీదే నేర్చుకున్నారు.

అంత దూరం ఎందుకు, మన కుట్టు ఉస్తాదుల్నే చూడండి. కొత్తగా వచ్చిన పిల్లకు బట్ట ఇవ్వరు. సూదిలో దారం ఎక్కించరు. నోటుబుక్కు కాగితం పెట్టి గీత వెంబడి మిషన్ నడపమంటారు. సూది గీత దాటితే చిల్లు కనిపిస్తుంది. తిన్నగా వచ్చాక గుండ్రాలు, ఆ తర్వాత మెలికలు. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెడితే ఎవరూ చెప్పకుండానే పందెం మొదలవుతుంది. కాగితం పాడైతే పైసా నష్టం లేదు. వైకుంఠపాళిలో పాము మింగిన పావు కిందికి దిగి మళ్ళీ పందెం వేసినట్టే.

ఇక బోర్డు సంగతి. అమెరికాలోని డిస్నీలాండ్ హోటళ్ళ లాండ్రీలో తెరలు పెట్టారని 2011లో పత్రికల్లో వచ్చింది. ఎవరు ఎంత వేగంగా పని చేస్తున్నారో పేర్లతో సహా అందరికీ కనిపించేది. వేగంగా చేసేవారి పేరు పచ్చరంగులో, వెనుకబడినవారి పేరు ఎర్రరంగులో. పనివాళ్ళు దానికి పెట్టుకున్న పేరు కరెంటు కొరడా. వెనుకబడతామన్న భయంతో బాత్‌రూముకు కూడా పోకుండా ఉండేవాళ్ళట. చూడ్డానికి అదీ ఆటే. కానీ అందులో మళ్ళీ మొదలుపెట్టు అనేవాడు లేడు.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట టీచర్ల శిక్షణ ఒకటి జరిగింది. ఎక్కడ, ఎవరిది అన్నది వదిలేయండి. ఫోన్లో ప్రశ్న రాగానే ఎవరు ముందు నొక్కితే వారికి ఎక్కువ మార్కులు, పేర్లన్నీ గోడ మీద తెరపై. నాకు పదకొండో స్థానం వచ్చింది, ఉబ్బిపోయాను కూడా. అట్టడుగున ఉన్న పేరు మా అందరికంటే పెద్ద టీచరమ్మది. చిన్న పిల్లలకు అలిఫ్, బే దిద్దించడంలో ఆమెను మించినవారిని నేను చూడలేదు. ఆమెకు జవాబులు తెలియక కాదు, పాత ఫోను, వణికే వేలు. మర్నాడు ఆమె సెలవు పెట్టారు. నేను పోయి పలకరించలేదు. ఇప్పటికీ అది నా మనసులో గుచ్చుకుంటుంది.

అమెరికాలో వార్టన్ స్కూలు అధ్యాపకులు ఈథన్ మాలిక్, నాన్సీ రాత్‌బార్డ్ ఒక కంపెనీ అమ్మకాల ఉద్యోగుల మధ్య బాస్కెట్‌బాల్ తరహా పోటీ పెట్టి చూశారు. ఆటకు మనసారా ఒప్పుకున్నవారికి పని మీద ఇష్టం పెరిగింది. ఒప్పుకోనివారికి తగ్గింది. మన గోటీలాటలోనూ ఇంతే గదా! లాక్కొచ్చి కూర్చోబెట్టినవాడు ఎప్పుడైనా సరిగా ఆడాడా?

నా పాత విద్యార్థులు కొందరు ఇప్పుడు బైకుల మీద భోజనం పార్సిళ్ళు మోస్తున్నారు. ఇంకో రెండు ఆర్డర్లు చేస్తే బోనస్ అని ఫోను ఊరిస్తుందట, వానలోనూ పరుగే. నేర్పడానికి పెట్టిన ఆట వేరు, పరుగెత్తించడానికి పెట్టిన ఆట వేరు.

అందుచేత కమిటీవారికి నా విన్నపం ఇది. కుట్టు క్లాసులో కాగితం పందేలు పెట్టండి. కంప్యూటరు క్లాసులో ఉత్తుత్తి దుకాణం ఒకటి తెరిచి, పిల్లల చేత బిల్లులు రాయించండి, లెక్క తప్పనివ్వండి, వాళ్ళనే దిద్దుకోనివ్వండి. పాయింట్లు కావాలంటే ఎవరి కాపీలో వారికి వేయండి, నిన్నటికంటే ఇవాళ ఎంత మెరుగో వారికే తెలుస్తుంది. ఆడనన్న పిల్లను బలవంతం చేయకండి. గోడ మీద మాత్రం ఏమీ వద్దు.

బోర్డు కొనడానికి తీసి ఉంచిన డబ్బుతో రెండో కుట్టు మిషన్ రిపేరు చేయిద్దామని కోశాధికారిగారు ఒప్పుకున్నారు. కాగితాలు మాత్రం చాలా కావాలి. మీ ఇళ్ళలో పిల్లలు వాడి పడేసిన గీతల నోటుబుక్కులు ఉంటే చిత్తుకాగితాలవాడికి వేయకుండా ఆదివారం ఆఫీసులో ఇచ్చిపోండి. వెనుక వైపు ఖాళీగా ఉన్నా చాలు.