పనివేళలు - రోగములు



హైదరాబాదులో జూబిలీహిల్సు ప్రాంతమున ఫిలింనగరు కలదు. మీ గ్రామములనుండి అచ్చటికి బోయిన పిల్లవారు ఒకరిద్దరైన నుండకపోరు. పండుగకు వచ్చినపుడు వారి వాడిన ముఖములు చూచి, పట్టణపు నీరు పడలేదని మీరనుకొనియుందురు. నీటికంటె వేళల దోషమే యెక్కువయని నా తలంపు.

మా అన్నగారి కుమారుడు అచ్చట సినిమా ఎడిటింగు గదిలో పనిచేయుచున్నాడు. చీకటిగది, చల్లనిగాలి యంత్రము. విడుదల దినము దగ్గరపడినచో తెల్లవారుదాక తెరయెదుటనుండి లేవడు. రాత్రి రెండుగంటలకు బిరియాని, గంటకొక టీ, టీకొక సిగరెట్టు. 34 ఏండ్లకే వానికి మధుమేహము కనబడినది. "మన ఇంట నెవ్వరికిని లేదే, వీడేమి పాపము చేసినాడు?" అని మా వదినెగారు కంట తడిపెట్టినారు. నేటి నా ప్రసంగము ఆమెకు జెప్పిన బదులే.

పూర్వము లండనులో రెండంతస్తుల బస్సులలో డ్రైవరు కూర్చుండి తోలెడివాడు. కండక్టరు దినమెల్ల మెట్లెక్కి దిగెడివాడు. జెర్రీ మోరిస్ అను వైద్యుడును ఆయన సహచరులును 1953లో ప్రకటించిన పరిశోధనవలన, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని తేలినది. డ్రైవర్లు ఉద్యోగమున జేరునాటికే కొంత లావుగా నుండిరని పిమ్మట బయలుపడెను గాని, నడకకు గల విలువ తరువాతి పరిశోధనలలోను నిలిచినది.

ఆ లెక్కను ఫిలింనగరులో దీపములు మోయు లైటుమనిషి, కూర్చున్న మావానికంటె మేలు. అట్లని అతడు సుఖియని చెప్పజాలను. అతనికిని రాత్రి నిద్ర లేదు. మన దేహములో నొక గడియారము కలదు; దాని పనితీరును కనుగొన్న మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము వచ్చినది. అర్ధరాత్రి భుజించిన యన్నమువలని చక్కెర, పగటివలె త్వరగా రక్తమునుండి తొలగిపోదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ, రాత్రిపనిని "బహుశా క్యాన్సరు కలిగించునది" అను వర్గమున 2007లో చేర్చి, 2019లో మరల అట్లే నిర్ణయించినది. ఇది కూలివాని తప్పు కాదు. వేళలు నిర్ణయించువాడు వేరొకడు.

ఇక పొగాకునకు "బహుశా" లేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో స్త్రీలు నిప్పును నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగుట మీలో కొందరెరుగుదురు. అంగిటిలో క్యాన్సరు పుట్టుట వారిలో విశేషముగా కనబడినది.

నియమముగా నున్నవారికి రోగమే రాదా యని మీరడుగవచ్చును. వచ్చును. అక్కినేని నాగేశ్వరరావుగారికి 1974లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స జరిగినది. పిమ్మట సుమారు నలువదియేండ్లు జీవించి, క్యాన్సరు సోకినదని 2013లో తామే ప్రకటించి, 2014 జనవరి 22న కాలధర్మము నొందిరి. ఆ నలువదియేండ్లలో శస్త్రచికిత్స పాలెంతయో, నియమము పాలెంతయో విడదీయుట నా తరము కాదు. నలువది నలువదియే గదా!

మావాని రాత్రిపని మారలేదు. భోజనమును మాత్రము ఎనిమిదిగంటలకు జరిపినాడు. సెలవునాడు కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనము చుట్టు నడచుచున్నాడు. సిగరెట్టు మానుమంటిని. "మరి మీ చుట్టయో, బాబాయిగారూ?" అన్నాడు. పెట్టెను వదినెగారి చేతిలో నుంచి వచ్చితిని. నేటికి పదునొకండు దినములు.