వెలుగు దించిన నకలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు ఏదైన ప్రబంధమును గూర్చి ముచ్చటింతునని తలచియుందురు. ఆ పని నాకంటె చక్కగా చేయగలవారు ఈ వేదికపైననే యున్నారు. నేను లెక్కల మనిషిని. కావున లెక్కల పుస్తకమునకు నకలు తీయుటను గూర్చి, అందును వెలుగు చేతను అంటింపు చేతను నకలు దించి అచ్చువేయు విద్యను గూర్చి కొంత మనవి చేసెదను. దీనికి కారణము మన బీరువాలోనే యున్నది.

ఊరి పెద్దలు గ్రంథాలయమున కొప్పగించిన నీటివంతుల పుస్తకమును మీలో పలువురు చూచియే యుందురు. దానిని అచ్చువేయింపవలెనని సంఘమువారు సంకల్పించినారు. మిగుల మంచి సంకల్పము. అయితే అక్షరదోషములు దిద్ది, కొట్టివేతలు తొలగించి, శుభ్రమైన అక్షరములలో కూర్పింపవలెనని కొందరి అభిప్రాయము. దానితో నేను ఏకీభవింపజాలకున్నాను. ఏల యనగా చెప్పుటకు మిమ్ము కొంతసేపు ఇంగ్లండు దేశమునకు తీసికొనిపోవలసియున్నది.

1066లో ఆ దేశమును జయించిన విలియము రాజు ఇరువదియేండ్లకు, అనగా 1086లో, భూములన్నిటికి పెద్ద లెక్క తీయించెను. ఏ ఊరు ఎవరి క్రింద నున్నది, అంతకు మున్నెవరి క్రింద నుండెను, నాగళ్లెన్ని, మరలెన్ని, పచ్చిక యెంత, దాని వెల యెంత, ఇదియంతయు తోలు కాగితములపై లాటినులో వ్రాయించిరి. దానికి డూమ్స్‌డే పుస్తకమని పేరు. మన మాటలో చెప్పవలెనన్న అది ఆ దేశపు అడంగలు. ఆ వ్రాయసకాండ్రు పొదుపరులు. సగము మాట వ్రాసి పైన నొక గీత గీచి విడిచెదరు. ఇంకొక వింత. ఊరిపేరు మీదుగా ఎఱ్ఱసిరాతో అడ్డగీత లాగుదురు. మన కంటికి అది కొట్టివేత. వారికది కొట్టివేత కాదు. పేరు తటాలున కనబడుటకు చేసిన గుర్తు! ఎఱుగని వాడెవడైన ఆ పుస్తకమును “శుభ్రపఱచి” కూర్చియుండిన, దేశములోని ఊళ్లన్నియు ఎగిరిపోయియుండును.

1783లో ఆ పుస్తకమును మొదట అచ్చువేసిరి. ఆ సంక్షేప చిహ్నములకెల్ల వేఱుగ అక్షరములు పోత పోయింపవలసి వచ్చెను. 1808లో ముద్రణాలయము కాలి ఆ అక్షరములు నశించెను. ఎంత శ్రమపడి కూర్చినను అది కూర్పరి చేతిది గాని వ్రాయసకాని చేతిది కాదుగదా. ఆ చేతినే అచ్చునకు తెచ్చుటెట్లు?

ఇందుకు త్రోవ జర్మనీ దేశములో నొక పేద నాటకకర్త చూపెను. సెనెఫెల్డరు అను నాతడు తన నాటకములను అచ్చువేయించుకొనుటకు ధనము లేక, తానే యేదో యుపాయము చేయబూనెను. 1796లో, చాకలికి వేయవలసిన బట్టల పద్దు వ్రాయుటకు కాగితము చేతికందక, మైనము, సబ్బు, మసి కలిపిన సిరాతో సున్నపురాతి పలక మీద వ్రాసెనట. పద్దులు వ్రాయువారికి లోకము కొంత ఋణపడియున్నదని దీనివలన తెలియుచున్నది. తరువాత రెండేండ్లలో అసలు కీలకము నాతడు పట్టెను. జిడ్డునకును నీటికిని పొత్తు లేదు. రాతిపై జిడ్డుసిరాతో వ్రాసి, బంకనీటితో తడిపి, పైన సిరా రూళ్లకఱ్ఱను దొర్లించిన, తడిచోట సిరా అంటదు, వ్రాతచోట అంటును. చెక్కుట లేదు, పోత లేదు.

కాని రాతిమీద అక్షరములను అద్దములో వలె కుడియెడమలు తిరుగవేసి వ్రాయవలెను. ముద్ర టుంగరము చూచినవారికి ఈ చిక్కు తెలియును. సెనెఫెల్డరు దీనికి అంటింపు కాగితము కల్పించెను. బంక పూసిన కాగితముపై సూటిగనే వ్రాసి, రాతిమీద బోర్లించి నొక్కిన, వ్రాత రాతికెక్కి తిరుగబడును. అచ్చులో మరల తిరిగి సూటియగును. పిల్లలు నీట తడిపి చేతిమీద అంటించుకొను బొమ్మలు ఈ జాతివే.

ఇక నాశ పుట్టెను. కొత్తగ వ్రాసినదే యేల? పాత పుస్తకపు పుటనే అట్లు అంటింపరాదా? 1840 ప్రాంతములలో నొకరు అదియు చేసిరి. అచ్చుపుటను పలుచని ఆమ్లముతో తడిపి తుత్తునాగపు రేకుమీద, అనగా జింకు రేకుమీద, గట్టిగ నొత్తిన, ఆ పాతసిరాయే కొంత రేకునకు దిగును. 1845లో ఫారడే పండితుడు లండనులో దీనిని గూర్చి ఉపన్యసించెను. యుక్తి మంచిదే గాని, అసలు కాగితమును తడిపి నలుపుట యెవరికి సమ్మతము? ఉన్న యొక్క ప్రతిని పణము పెట్టి నకలు తీయుట నాకు జూదముగ తోచును.

అసలును ముట్టక నకలు తీయగలది వెలుగొక్కటే. పొటాసియం బైక్రోమేటు పూసిన కాగితము ఎండ తగిలిన మాఱునని 1839లో స్కాట్లండువాడైన పాంటన్ కనిపెట్టెను. ఆ యుప్పును బంకతోనో జెలటినుతోనో కలిపి పూసిన, ఎండ సోకినచోట ఆ పూత గట్టిపడి నీట కరుగకుండును. 1855లో ఫ్రాన్సులో పాయ్‌త్వెన్ దీనిని రాతి అచ్చునకు తెచ్చెను. 1859లో మెల్బోర్నులో ఆస్బరన్, వెనువెంటనే సౌతాంప్టనులోని సర్వే కచ్చేరిలో సర్ హెన్రీ జేమ్సు క్రింది వారును వెలుగును, అంటింపును ఒకటిగ జేర్చిరి. ఎవరు ముందన్న వివాదము మనకేల? సర్వేవారికి పటములు చిన్నవి చేయుటలో చేతిపని ఖర్చు తగ్గవలెను. అవసరమే వారిని నడిపినది.

వారి పద్ధతి యిది. మొదట పుటను గాజుపలకపై ఛాయాచిత్రముగ దించుదురు. అందు తెలుపు నలుపగును, వ్రాత గాజువలె తేటగ నుండును. బంకయు బైక్రోమేటును పూసి చీకటిలో ఆరబెట్టిన కాగితముపై ఆ గాజునుంచి ఎండలో పెట్టుదురు. తేటయైన వ్రాతగుండ వెలుగు దూరి, ఆ గీతలంతమేరకే బంక గట్టిపడును. అప్పుడు కాగితమంతయు జిడ్డుసిరా పూసి నల్లగ జేయుదురు. చూచువానికి పని చెడిపోయినదనియే తోచును. గోరువెచ్చని నీటిలో నుంచి మెల్లగ స్పంజితో నద్దగా, గట్టిపడని బంక కరిగి తనతో సిరాను కొనిపోవును. అక్షరములు మాత్రము నల్లగ నిలుచును. ఈ కాగితమును జింకు రేకుపై బోర్లించి యొత్తిన, సిరా రేకునకెక్కును. ఆపై మాచికాయ కషాయము మొదలగువానితో రేకును పదును చేసి, రాతి అచ్చువలెనే తడియు సిరాయు పెట్టి అచ్చులు తీయుదురు.

ఈ విద్యచేత డూమ్స్‌డే పుస్తకమును సౌతాంప్టనుకు తెచ్చి నకలు దించిరి. 1861లో కార్న్‌వాల్ సీమ భాగము వెలువడెను. 1863 నాటికి దించుట ముగిసెను. నల్లసిరా నల్లగను, ఎఱ్ఱగీతలు ఎఱ్ఱగను వేఱువేఱు అచ్చులుగ వేసిరి. ఎనిమిది వందల యేండ్లనాటి వ్రాయసకాని చేయి ఇంటింటికి పోయెను.

మన దేశములోను కలకత్తా సర్వే కచ్చేరిలో 1866 మొదలుకొని వాటర్‌హౌసు అను నాతడు ముప్పదియేండ్లు ఈ పని నడపెను. పాత సర్వే పటముల అడుగున సన్నని అక్షరములలో ఫొటోజింకోగ్రాఫు అను మాట కొందరు చూచియుందురు. దాని యర్థ మిదియే.

ఇందులో నొక హెచ్చరిక కలదు. ముద్రారాక్షసములో రాక్షసుని యుంగరపు ముద్ర నిజమైనదే. దానిని వేసిన లేఖ మాత్రము చాణక్యుని కల్పన. అట్లే ఛాయాచిత్రము పుటలో నున్నది చూపును గాని, వ్రాసినది సత్యమా యనునది చెప్పదు. అక్షరమును మరకను సమముగ దించును. చదివి విడమరచుటకు పండితుడు కావలసినదే. బ్రౌనుదొర పండితులచేత తాళపత్ర ప్రతులను పోల్పించి పాఠములు పరిష్కరింపజేసినది ఆ పని. కావ్యమునకు అది తగును. లెక్కకు తగదు. లెక్కలో తప్పును దిద్దిన, అది ఎవరి తప్పో యెఱుగు దారి మూసికొనిపోవును.

మన వంతుల పుస్తకములో నొకచోట ఒక పేరు కొట్టివేసి, పైన వేఱొక సిరాతో మఱియొక పేరు వ్రాయబడియున్నది. ఆ కొట్టివేత ఎప్పటిది? ఏ చేతిది? ఆ కాలువ క్రింది కుటుంబములు రెండును నేటికిని ఈ సభలో నున్నవి. శుభ్రమైన కూర్పులో ఏ పేరు ఉంచెదరు?

నేడు ఎండయు గాజుపలకయు అక్కఱలేదు. మన యువకుల చేతి ఫోనులే ఛాయను దించును. పట్టణపు ఆఫ్‌సెట్ అచ్చులో అల్యూమినియం రేకుపై జిడ్డును నీరును నేటికిని అదే పగతో పని చేయుచున్నవి. చేతితో నేర్వగోరువారుందురేని సంతోషము. చిత్రకళాశాలలలో జెరాక్సు నకలునే రాతికో రేకునకో అంటించి బొమ్మలు తీయుట నేర్పుచున్నారు. బైక్రోమేటు మాత్రము విషము, క్యాన్సరు కలిగించునది. గురువు లేక ఇంట ప్రయోగింపరాదు.

సంఘమువారికి నా మనవి యిది. ఎడమపుటలో వంతుల పుస్తకపు ఛాయను, రంగులతో, మరకలతో, అట్టతోసహా వేయింపుడు. కుడిపుటలో పండితులు చదివినది కూర్పింపుడు. సందేహమున్నచోట ప్రశ్నార్థక చిహ్న ముంచుడు. కాగితము పెళుసైనది గనుక ఆకులు త్రిప్పుటకు నెమ్మదిగల బాలు రిద్దరు కావలెను. ఉత్తరపు వరండాలో ఉదయము తొమ్మిది మొదలు పదునొకండు వఱకు వెలుగు నీడలేక సమముగ పడుచున్నది. బల్ల అక్కడనే వేయించిన బాగుండును.