పోలికకు ఆవలి చిత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కాళిదాసు శాకుంతలము ఆరవ అంకమునందు దుష్యంత మహారాజు తాను వ్రాసిన శకుంతల పటమును చూచుచు, అది పటమను సంగతియే మరచిపోవును. ఆ పటములోనే చిత్రింపబడిన తుమ్మెద ఆమె ముఖముపై వ్రాలుచున్నదని భ్రమించి దానిని అదలించును. ఇది చిత్రము సుమా యని విదూషకుడు చెప్పిన పిదప గాని ఆయనకు తెలివి రాదు. ఈ ఘట్టము చదివిన వారందరును రాజు కుంచె నేర్పును మెచ్చుకొందురు. చిత్రమునకు పోలికయే ప్రాణమని లోకము తలంపు. ఏ యింటి గోడమీద నున్న పటమును చూచినను మొట్టమొదట వెలువడు ప్రశంస "అచ్చముగా మనిషి నిలుచున్నట్లే యున్నది!" అనునదియే.

ఈ కొలత తప్పని యెవ్వరును అనజాలరు. అయితే చిత్రమునకు ఇది యొక్కటియే కొలతయా? కావ్య విషయమున ఈ ప్రశ్న ఏనాడో తేలినది. ఉన్నదున్నట్లు చెప్పినది వార్త యగునే గాని కావ్యము కానేరదని భామహుడు తీర్పు చెప్పెను. చిత్రకళ విషయమున, ఐరోపా ఖండమునందు, ఇట్టి తీర్పు వచ్చుటకు పందొమ్మిదవ శతాబ్దము చివరిదాక ఆగవలసి వచ్చెను. ఆ తీర్పు చెప్పినవారు పండితులు కారు. పటములు కొనువారు లేక, చూచినవారు నవ్వుచుండగా పనిచేసిన నలుగురు చిత్రకారులు. సెజాన్, వాన్ గో, గోగాన్, స్యూరా అని వారి పేర్లు. ముగ్గురు ఫ్రాన్సు దేశీయులు, వాన్ గో హాలెండు వాడు. వీరినే పోస్ట్ ఇంప్రెషనిస్టులందురు.

ఆ పేరు వీరు పెట్టుకొన్నది కాదు. నలుగురును కనుమూసిన తరువాత, 1910లో, లండను నగరపు గ్రాఫ్టన్ గ్యాలరీలో రోజర్ ఫ్రై అను విమర్శకుడు వీరి చిత్రములను ప్రదర్శించుచు, మరి యే పేరును కుదరక, ఇంప్రెషనిస్టుల తరువాతివారు అను అర్థమున దీనిని తగిలించెను. బిడ్డకు "రెండవవాడు" అని పేరు పెట్టినట్లున్నది గాని గుణమునేమియు చెప్పదు. అయినను పేరు నిలిచిపోయినది. లండను జనులు ఆ ప్రదర్శనకు విరగబడి వచ్చి, విరగబడి నవ్విరి.

కావున ముందుగా ఇంప్రెషనిస్టుల మాట చెప్పవలెను. 1839లో డగేర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానము పారిసులో ప్రకటితమైనది. మనిషి మొగమును ఉన్నదున్నట్లు పట్టుటకు చిత్రకారునికి దినములు కావలసియుండగా యంత్రమునకు నిమిషములు చాలెను. రెండేండ్లకు, 1841లో, జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు రంగులను తగరపు గొట్టములలో నింపు ఉపాయము కనిపెట్టెను. రంగులు నూరుకొనుచు ఇంట కూర్చుండవలసిన చిత్రకారుడు ఆ గొట్టములు సంచిలో వేసికొని పొలము గట్లకు పోగలిగెను. మొదటిది పాత బ్రతుకుతెరువును దెబ్బతీసినది, రెండవది క్రొత్త దారి చూపినది. మోనే, రెన్వార్, పిసారో మొదలగువారు ఆరుబయట ఎండలో నిలిచి, ఆ క్షణమున కంటికి తోచిన వెలుగును తోచినట్లే దిద్దిరి. 1874లో వారి మొదటి ప్రదర్శనము నాదార్ అను ఫోటోగ్రాఫరు అంతకుముందు వాడిన గదులలోనే జరుగుట ఒక చమత్కారము. "ఇంప్రెషన్, సూర్యోదయము" అను మోనే పటము పేరు పట్టుకొని ఒక విమర్శకుడు ఎగతాళి చేయగా, ఆ ఎగతాళియే వారికి బిరుదమైనది.

వెలుగును పట్టిన ఘనత వారిదే. కాని వెలుగు నిలుచునది కాదు. దానిని వెంటాడిన కొలదియు చెట్టును, ఇల్లును, కొండయు మంచువలె కరగిపోజొచ్చినవి. అదియునుగాక, కంటికి కనబడుదానికి చిత్రకారుడు ఊడిగము చేయుట తప్పలేదు. పూర్వులు మొగమునకు చేసిరి, వీరు వెలుగునకు చేసిరి. తరువాతివారి పని ఇక్కడ మొదలైనది.

స్యూరాది శాస్త్రజ్ఞుని పద్ధతి. ఒక రంగు తన ప్రక్కనున్న రంగును కంటికి ఎట్లు మార్చి చూపునో షెవ్రూల్ అను రసాయన శాస్త్రవేత్త 1839లోనే గ్రంథము వ్రాసియుండెను. స్యూరా రంగులను పలకమీద కలుపుట మాని, చిన్న చిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కన ఉంచి, కలుపు పనిని చూచువాని కంటికే విడిచెను. గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారమును చూపు అతని పటము రెండు మీటర్ల యెత్తు, మూడు మీటర్ల వెడల్పు. అది 1886లో ప్రదర్శితమైనది. అందలి మనుష్యులు కొయ్యబొమ్మలవలె నిలిచిరన్న ఆక్షేపణ నిజమే. ఆ నిశ్చలత్వమే అతడు కోరినది. 1891లో, ముప్పది యొకటవ యేట, అతడు గతించెను.

గోగాన్ లెక్కల మనిషి. పారిసు షేర్ల బజారులో ఉద్యోగము, డెన్మార్కు దేశపు భార్య, ఐదుగురు బిడ్డలు, తీరిక దినములలో చిత్రలేఖనము. 1882లో బజారు కూలిన పిదప ఉద్యోగము పోయి, కుంచెయే వృత్తియైనది. 1888లో బ్రిటనీ ప్రాంతమున అతడు వ్రాసిన ఒక పటము జ్ఞాపకముంచుకొనదగినది. చర్చిలో ఉపదేశము విని వెలికివచ్చిన పల్లెటూరి స్త్రీలు తెల్లని తలకుచ్చులతో నిలుచుండి, తాము విన్న కథను, అనగా యాకోబు దేవదూతతో మల్లయుద్ధము చేయుటను, కన్నులయెదుట చూచుచున్నారు. స్త్రీలు నిజము, మల్లయుద్ధము వారి మనస్సులోనిది. రెండును ఒకే పటమున నున్నవి. వారి క్రింది నేల పచ్చగా లేదు, ఎఱ్ఱగా సిందూరమువలె నున్నది. అట్టి పచ్చిక యెక్కడ నున్నదని అడిగినచో, ఆ స్త్రీల భక్తిలో నున్నదని చెప్పవలెను. అంతవరకు రంగు వస్తువునకు చెందినది. ఇందు రంగు భావమునకు చెందినది. గోగాన్ ఆ పటమును ఆ ప్రాంతపు చర్చి కొకదానికి కానుక ఈయబోగా అర్చకుడు వలదనెను.

గోగాన్ కళను మెచ్చువారు అతని నడవడిని మెచ్చవలసిన పనిలేదు. భార్యను బిడ్డలను వారి పాటికి వారిని విడిచి, 1891లో పసిఫిక్ సముద్రములోని తాహితీ ద్వీపమునకు పోయి, అక్కడ పదుమూడేండ్ల ప్రాయపు పిల్లను ఇల్లాలిగా ఉంచుకొనెను. ద్వీపవాసుల బ్రతుకు స్వర్గమని పటములలో చూపినవాడు వారి పిల్లల యెడల ప్రవర్తించిన తీరు నేడు విమర్శకులు దాచక చెప్పుచున్నారు. అది సరియైన పనియే. 1903లో మార్క్విసాస్ దీవులలో అతడు మరణించెను.

వాన్ గో కథ వేరు. మతబోధకుని కుమారుడు. పటముల దుకాణములో గుమాస్తాగా పనిచేసి, బొగ్గుగనుల కూలీలకు బోధకుడై, అందును నిలువలేక, 1880లో, ఇరువదియేడేండ్ల వయస్సున, చిత్రకారుడు కాదలచెను. మిగిలినది పదియేండ్ల ఆయుర్దాయము. ఆ పదియేండ్లలో ఎనిమిదివందలకు పైగా తైలచిత్రములు వ్రాసెను. ఖర్చు తమ్ముడు థియోది. నెలనెల డబ్బు వచ్చుచుండెను, ప్రతిగా పటములును ఉత్తరములును పోవుచుండెను. అన్న వ్రాసిన ఉత్తరములు ఆరువందలకు పైగా నిలిచియున్నవి. అతని చెవి కథ లోకమెఱిగినదే, దానితో ఇక్కడ పనిలేదు. పిచ్చివాడు గనుక గొప్ప చిత్రములు వ్రాసెనని అనుకొనువారు ఆ ఉత్తరములు చదువవలెను. ఏ రంగు ప్రక్కన ఏ రంగు ఎందుకు పెట్టవలెనో ఎంత నిలుకడగా ఆలోచించెనో అందు కనబడును.

1888లో ఆర్ల్ పట్టణమున అతడు వ్రాసిన రాత్రి కాఫీశాల పటమునే తీసికొనుడు. గోడలు నెత్తురువలె ఎఱ్ఱన, నడుమ బల్ల ఆకుపచ్చన, నేల పసుపు, దీపముల చుట్టు వలయములు. ఎఱుపు ఆకుపచ్చలతో మనుష్యుని భయంకర వికారములను చెప్పదలచితినని అతడు తమ్మునికి వ్రాసెను. కాఫీశాల యెట్లున్నదను ప్రశ్న వెనుకకు పోయి, అందు కూర్చున్నవాని గుండె యెట్లున్నదను ప్రశ్న ముందుకు వచ్చినది. భరతుడు నాట్యశాస్త్రమున రసమున కొక వర్ణము చెప్పెను. రౌద్రమునకు ఎఱుపు, హాస్యమునకు తెలుపు, అద్భుతమునకు పసుపు. భరతుని మాట ఆ హాలెండు బీదవాని చెవిని పడియుండదు. కాని వర్ణమునకు రసముతో చుట్టరికము కలదని ఇద్దరును ఒప్పిరి.

1890 ఆరంభమున బ్రస్సెల్సులో అతని ఎఱ్ఱ ద్రాక్షతోట పటము 400 ఫ్రాంకులకు అమ్ముడైనది. బ్రతికియుండగా అతని తైలచిత్రముల జమలో స్పష్టమైన దాఖలా గలది ఇంచుమించు ఇదియే. ఆ జూలైలో అతడు తుపాకి గాయముతో మరణించెను. ఆరు మాసములకు థియోయు పోయెను. చంటిబిడ్డతో మిగిలిన థియో భార్య జోహన్నా, ఎవ్వరికిని అక్కరలేని ఆ పటములను భద్రపరచి, ఒక్కొక్కటిగా ప్రదర్శనలకు పంపి, 1914లో ఉత్తరములను అచ్చువేయించెను. చిత్రకళ చరిత్రలో ఆమె పేరు చాలకాలము ఎవ్వరును తలపలేదు. సరిగా నూరేండ్లకు, 1990లో, అతడు వ్రాసిన డాక్టరు గాషే రూపపటము న్యూయార్కు వేలములో 825 లక్షల డాలర్లు పలికెను. ఈ ధరకును చిత్రము విలువకును సంబంధము లేదు. 400 ఫ్రాంకులకు లేనట్లే దీనికిని లేదు.

ఇక సెజాన్. నలుగురిలో గంభీరుడు, కొరుకుడుపడనివాడు, దారిని నిజముగా మార్చినవాడు ఇతడే. 1839లో దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణమున పుట్టెను. తండ్రి టోపీల వ్యాపారమునుండి బ్యాంకు యజమానియైనవాడు. కుమారుని న్యాయశాస్త్రము చదువుమనెను. కొన్నాళ్ళు చదివి, కుమారుడు కుంచె పట్టెను. పిసారో వద్ద ఆరుబయట చిత్రించు పద్ధతి నేర్చి, 1874 ప్రదర్శనమున పాల్గొని, అందరికంటె ఎక్కువ నవ్వులపాలై, మెల్లగా స్వగ్రామము చేరెను. ఇంప్రెషనిస్టుల వెలుగును విడువక, దానికి పాత మహాచిత్రముల గట్టితనము తేవలెనని అతని పట్టుదల.

పండ్ల పళ్ళెరములు, తెల్లని గుడ్డ, సీసా, బల్ల. ఇవియే అతని వస్తువులు. షికాగో చిత్రశాలలోనున్న ఆపిల్ పండ్ల బుట్ట పటమున సీసా ఒరిగియున్నది. గుడ్డకు ఎడమవైపు కనబడు బల్ల అంచును, కుడివైపు అంచును ఒక గీతకు రావు. పళ్ళెరములోని రొట్టెలు కొన్ని ఎదుటనుండి చూచినట్లు, కొన్ని పైనుండి చూచినట్లు ఉన్నవి. ఇది చేతకానితనమని ఆనాటివారు తీర్మానించిరి. కాని ఒక్కసారి ఆలోచింపవలెను. పదునైదవ శతాబ్దమున ఇటలీవారు కనిపెట్టిన దూరదృశ్య నియమము ప్రకారము, చూచువాడు ఒంటికన్నుతో, మేకు కొట్టినట్లు కదలక నిలువవలెను. అట్లు చూచు మనిషి యెవడు? మనిషికి రెండు కన్నులు, తిరుగు మెడ, జ్ఞాపకము కలవు. బల్లను ఇటు చూచి, అటు చూచి, వంగి చూచి, అన్నియు కలిపి "బల్ల" యని తెలిసికొనును. సెజాన్ ఆ తెలిసికొనుటను వ్రాసెను. నాలుగువందల యేండ్ల ఒంటికంటి చూపు ఆ పండ్ల బల్లమీద కూలినది.

గ్రామమునకు సర్వే నక్షా యొకటి యుండును. అందు పైరు పచ్చగా కనబడదు, చెరువు తళతళలాడదు. చూచినవాడెవడును "అచ్చముగా మన ఊరే" యని ఆనందింపడు. అయినను గట్టు తగవు వచ్చిన దినమున కంటికి కనబడు గట్టుకంటె ఆ గీతలే సత్యమునకు దగ్గరగా నుండును. సెజాన్ చిత్రము నక్షా కాదు, అందు రంగు పొంగుచున్నది. కాని పోలిక వేరు, నిజము వేరు అని ఒప్పుకొనుటకు ఈ ఉపమానము అక్కరకు వచ్చును.

అతని పని మిక్కిలి మెల్లన. వొల్లార్ అను పటముల వర్తకుడు తన రూపపటము కొరకు 115 మారులు కదలక కూర్చుంటినని వ్రాసుకొనెను. అంతయు అయిన పిదప, చొక్కా ముందుభాగము ఫరవాలేదని మాత్రము సెజాన్ ఒప్పుకొనెనట! ఆ వొల్లారే 1895లో సెజాన్ ఒక్కని చిత్రములతో మొదటి ప్రదర్శనము జరిపినవాడు. అప్పటికి చిత్రకారునికి ఏబదియారేండ్లు. ఎక్స్ పట్టణమునకు తూర్పున నున్న సెంత్ విక్తార్ కొండను అతడు ఎన్నిమారులు వ్రాసెనో! చివరి పటములలో కొండయు, చెట్లును, ఆకాశమును రంగు పలకలుగా ఒకదానినొకటి పట్టుకొని నిలుచును. నడుమ నడుమ వట్టి కాన్వాసు కనబడును. ఏ పలకను కదల్చినను కొండ కూలును. యతి తప్పిన పద్యమును చెవి సహింపనట్లు ఆ పటము లోపమును సహింపదు. ప్రకృతినుండి పుట్టినను చిత్రమునకు తన ఛందస్సు తనకు కలదని అతడు నిరూపించెను. 1906 అక్టోబరులో ఆరుబయట వ్రాయుచు గాలివానలో చిక్కి సొమ్మసిల్లగా చాకలిబండిలో ఇల్లు చేర్చిరి. మరునాడు మరల కుంచె పట్టెను. కొద్ది దినములకే మరణించెను.

1907లో పారిసునందు అతని సంస్మరణ ప్రదర్శనము జరిగెను. ఆ యేటనే పికాసో ఐదుగురు స్త్రీల పటము వ్రాసెను. మరుసటి యేడు బ్రాక్, సెజాన్ తిరిగిన ఎస్తాక్ గ్రామమునకే పోయి, ఇండ్లను పెట్టెలవలె పేర్చి వ్రాసెను. దానినుండి క్యూబిజము వచ్చినది. వాన్ గో, గోగాన్‌ల రంగునుండి మతీస్ మొదలగువారి మార్గము బయలుదేరినది. పిదప వస్తువే లేని చిత్రములును వచ్చినవి. పోలిక పోయినచో ఎవడు పూసిన పూతయైనను చిత్రమగునా యని పెద్దలు అడుగుట న్యాయమే. కాదు. బొమ్మ రానివాడు నవ్యుడనని చాటుకొనుట ఎక్కువైనది కూడ నిజమే. ఈ నలుగురు మాత్రము ఒక కట్టడిని విడిచినది అంతకంటె కఠినమైన కట్టడికి లోబడుటకే.

ఈ దేశమునకు ఆ గాలి తెచ్చినవారిలో అమృతా షేర్‌గిల్ ముఖ్యురాలు. పారిసులో చదువుకొని, సెజాన్, గోగాన్ చిత్రములను జీర్ణించుకొని, 1934లో తిరిగివచ్చి, అజంతా చూచి, దక్షిణదేశము తిరిగి, 1937లో బ్రహ్మచారుల పటమును, సంతకు పోవు పల్లెవారి పటమును వ్రాసెను. ఒంటికంటి నియమమునకు ఏనాడును లొంగని అజంతా గోడలు ఆమెకు పరాయివిగా తోచలేదు. 1941లో, ఇరువదియెనిమిదేండ్లకే, ఆమె గతించెను.

మతీస్ సంగతి ఒకటి మిగిలినది. 1899లో, పటములు అమ్ముడుపోక అవస్థపడు దినములలో, అతడు వొల్లార్ వద్ద సెజాన్ వ్రాసిన చిన్న పటమొకటి కొనెను. ముగ్గురు స్త్రీలు చెట్లక్రింద స్నానమాడుచున్న చిత్రమది. ఎంత ఇబ్బందిలోను దానిని అమ్మలేదు. 1936లో దానిని పారిసు నగరపు పెటీ పాలే చిత్రశాలకు ఉచితముగా ఇచ్చివేయుచు, ముప్పదియేడేండ్లు తన వద్ద నుంచుకొని చూచినను దానిని పూర్తిగా తెలిసికొనియుండనని చిత్రశాల వారికి లేఖ వ్రాసెను. ఆ పటము నేటికిని అచ్చటనే యున్నది.